లోపలికి తిరగని తుంటి

నేను కటింగు మాస్టరుని. ఇరవై ఎనిమిదేళ్ళుగా జనం నడుములూ తుంటులూ కొలుస్తున్నాను. మనిషి షాపు గడప దాటితే చాలు, టేపు తియ్యకుండానే "ముప్పై ఆరు, కుడిభుజం కాస్త కిందికి" అని నా మనసు రాసేసుకుంటుంది. అటువంటివాడికి తన తుంటి సంగతే తెలియదంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. మా వీధి వీధంతా ఎప్పుడో నవ్వేసింది, మీరొక్కరు ఆగి ఏం లాభం?

మా షాపుకి సరిగ్గా ఎదురుగా ఇస్త్రీ షాపు. మేం కుడతాం, వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేస్తారు. మేం కుట్టిన బొత్తాల్ని వాళ్ళు ఇస్త్రీపెట్టె కింద పెట్టి పగలగొడతారని మేమంటాం. మీ దారం పుచ్చుదారం కాబట్టే ఊడిపోతున్నాయని వాళ్ళంటారు. ఈ తగువు ఏ పెద్దమనిషీ తీర్చలేక, చివరికి ఆదివారాలు బస్సు డిపో వెనక మైదానంలో బేస్‌బాల్ ఆడి తీర్చుకోవడం అలవాటైంది. తీరిందా అంటే తీరలేదు. ఆట మాత్రం మిగిలింది.

వాళ్ళ జట్టులో బంతి విసిరేది నా భార్య.

ఆవిడ ఆ షాపులో ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తోంది. ఆ ఇస్త్రీపెట్టెని మీరు ఒకసారి ఎత్తి చూడండి, చెయ్యి ఊడి చేతిలోకొస్తుంది. దాన్ని రోజూ పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ముందుకీ వెనక్కీ తోసిన చెయ్యి బంతి విసిరితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆవిడ చెయ్యి కదలడం కనిపిస్తుంది. ఆ తరవాత నా వెనక బంతి చేతితొడుగులో పడ్డ చప్పుడు వినిపిస్తుంది. మధ్యలో ఏం జరిగిందో నాకు ఏడేళ్ళుగా తెలియదు. కొట్టబోయి తప్పినా, మంచి బంతిని వదిలేసినా ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులైతే ఔటు. ప్రతి ఆదివారం మూడూ తప్పేవాణ్ణి. నా వెనక కూర్చుని బంతి పట్టుకునేవాడు వాళ్ళ వ్యాను డ్రైవరు. ఎండాకాలంలో వాడు, "మాస్టారూ, ఇంకొక్కసారి ఊపండి, గాలి హాయిగా తగుల్తోంది" అనేవాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఒట్టి మాట. మా ఇంట్లో వడ్డించేదీ ఆవిడే, మైదానంలో వడ్డించేదీ ఆవిడే. ఇంట్లో కడుపు నిండేది. మైదానంలో ఆకు ముందు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లేపేసేది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను బ్యాటుని తిట్టాను, ఎండని తిట్టాను, బూట్లు మార్చాను. ఒక ఏడాది కళ్ళజోడు కూడా మార్చాను. బంతి మరింత స్పష్టంగా తప్పడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున్న ఆవిడ షాపుకి బయల్దేరుతూ, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ చెప్పింది. "వచ్చే నెల మొదటి ఆదివారం నాకు ఆఖరాట. భుజం ఒప్పుకోవట్లేదు. డాక్టరు మానెయ్యమన్నాడు."

"నొప్పి ఎక్కువగా ఉందా?" అని అడిగాను. అడిగిన మాట నిజమే. కాని అంతకుముందు నా బుర్రలోకి వచ్చిన మాట అది కాదు. 'ఇంక ఒక్క నెలే ఉందా!' అనుకున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. పెళ్ళాం భుజం పోతుంటే బంతి గురించి ఏడ్చే మొగుణ్ణి మీరేమన్నా అనండి, పడతాను. కాని నా వైపునించి కూడా కాస్త చూడండి. ఆవిడ చేసే పనులన్నిటిలోనూ గొప్పది ఆ బంతి. లోకంలో అంత బాగా ఇంకెవరూ విసరరని నా నమ్మకం. ఏడేళ్ళుగా ఆవిడ అంత గొప్పగా పలకరిస్తుంటే నేను ఒక్కసారీ సరిగ్గా జవాబు చెప్పలేదు. చెప్పకుండానే అది ముగిసిపోతుందంటే ఎలా ఊరుకోను?

మా అత్తగారు మాతోనే ఉంటారు. డెబ్బై మూడేళ్ళు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు. ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయినా మెళ్ళో ఈల మానలేదు. కుక్కరు కూత వేస్తే ఈవిడ ఈల వేసి జవాబిస్తారు. అయితే మనిషి మహా మర్యాదస్తురాలు. ఇన్నేళ్ళలో నన్ను "అల్లుడుగారూ, మీరు" అనే తప్ప ఇంకో పిలుపు ఎరగరు. ప్రతి ఆదివారం మైదానానికి మడతకుర్చీ తెచ్చుకుని, నేను ఔటయినప్పుడల్లా మూతి బిగించి ఆకాశం వైపు చూసేవారు.

ఆరోజు నా భార్య వీధి మలుపు తిరగ్గానే వెళ్ళి అడిగాను. "అత్తయ్యగారూ, నా దెబ్బలో లోపం ఏమిటి?"

ఆవిడ వార్తాపత్రిక మడిచి పక్కన పెట్టారు. "ఏడేళ్ళయింది అల్లుడుగారూ, మీరు ఈ మాట అడుగుతారని చూస్తున్నాను. నేనుగా చెబితే బాగుండదని ఊరుకున్నాను."

"చెప్పండి మరి."

"ముందు నేల మీద బోర్లా పడుకోండి."

అల్లుడు అత్తగారి ముందు బోర్లా పడుకోవడం ఎంత ఇబ్బందో పడుకున్నవాడికి తెలుస్తుంది. ఆవిడ నా ఎడమ మోకాలు మడిచి, పాదం పట్టుకుని పక్కకి వాల్చబోయారు. పాదం వాలలేదు. ఇంకొంచెం నొక్కారు. నేను కెవ్వుమన్నాను గాని పాదం మాత్రం కరెంటు స్తంభంలా అలాగే నిలబడింది. తరవాత లేపి కూర్చోబెట్టి, రెండు పాదాలూ కలిపి మోకాళ్ళు బయటికి వదలమన్నారు. రెండు మోకాళ్ళూ టప్పున నేలకి తగిలాయి.

"ఇదీ సంగతి," అన్నారావిడ. "మీరు ఇన్నేళ్ళూ బాసింపట్టు వేసుకుని కుట్టారు. మీ తుంటి బయటికి బార్లా తెరుచుకుంటుంది. లోపలికి ఇంత కూడా తిరగదు. బ్యాటు ఊపేటప్పుడు ముందుకాలు నేలలో పాతుకుని ఉండాలి, దాని మీద తుంటి లోపలికి తిరగాలి. అది తిరక్కపోతే నడుము ఆగిపోతుంది. నడుము ఆగితే బ్యాటు ఆగుతుంది. బంతి ఆగదు కదండీ."

కటింగు మాస్టరుకి నేల మీద కూర్చోవలసిన పనేముందని మీరు అడగొచ్చు. అంచుకుట్లు ఇంకెవరు వేసినా నాకు నచ్చదు. ఆ తల పొగరే తుంటిలో గట్టిపడిందన్నమాట.

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"నేను చెప్పినట్టు చెయ్యాలి," అన్నారావిడ. ఈల తుడుచుకున్నారు.

మర్నాటినించి మొదలైంది. నా భార్య ఎనిమిదింటికి వెళ్ళేది, నేను తొమ్మిదింటికి. ఆ గంటా నాకు నరకం. ఒక కాలు ముందు ఎల్ స్కేలులా మడిచి, రెండోకాలు పక్కన ఇంకో ఎల్ స్కేలులా మడిచి నేల మీద కూర్చోవాలి. ఈల వెయ్యగానే చేతులు ఆనించకుండా మోకాళ్ళని అటునించి ఇటు తిప్పాలి. రెండు ఈలలు వేస్తే అక్కడే ఆగి పది లెక్కపెట్టాలి. "అల్లుడుగారూ, దయచేసి పిరుదులు పైకి లేపకండి." "అల్లుడుగారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఆ మోకాలు ఇంకా వంచండి." ఇంత మర్యాదగా ఒక మనిషిని చిత్రహింస పెట్టవచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఒకరోజు నా భార్య గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చింది. వచ్చేసరికి నేను నేల మీద కాళ్ళు చిక్కుముడి పడి, మొహం చాపకి ఆనించి మూలుగుతున్నాను. వాళ్ళమ్మ ఈల నోట్లో పెట్టుకుని నా మీద నిలబడి ఉన్నారు.

"ఏం జరుగుతోందిక్కడ?"

అత్తగారు ఈల తీసి తాపీగా చెప్పారు. "అల్లుడుగారి సూది పడిపోయిందే. వెతుక్కుంటున్నారు."

"పిరుదులతోనా?"

"కళ్ళు కనపడట్లేదుట."

నా భార్య మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఒక సందేహం పీకుతోంది. "అత్తయ్యగారూ, బంతి వేసేది మీ కూతురు కదా. నాకెందుకు నేర్పుతున్నారు?" అని అడిగాను.

"అది నా కూతురు. మీరు నా విద్యార్థి. మైదానంలో చుట్టరికాలుండవు," అని ఈల వేశారు. ఇంక అడగడానికి వీల్లేకపోయింది.

వారం తిరక్కుండానే షాపులో తెలిసిపోయింది. మా జట్టు నాయకుడు కాజాలు కుట్టే అతను. అందరూ కాజా అనే పిలుస్తారు. భోజనాల వేళ కటింగు బల్ల కింద నేను మోకాళ్ళు తిప్పుకుంటుంటే అతను వంగి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అతనికి కూడా మా ఆవిడ బంతి మీద పన్నెండు సున్నాలున్నాయి.

"మాస్టారూ, పని జరుగుతోందా లేదా ఎలా తెలుస్తుంది? కొలవాలి కదా!" అన్నాడు.

ఆ మాటకి షాపులో ఆరుగురమూ తల ఊపాం. కుట్టుపనివాడు కొలవనిదాన్ని నమ్మడు. వెంటనే పద్ధతి తయారైంది. బల్ల పక్కన నేల మీద సుద్దతో నా పాదాల గుర్తులు గీశారు. ఆ గుర్తుల్లో పాదాలు పెట్టి, బ్యాటు ఊపినట్టు నేను నడుము తిప్పాలి. నా ప్యాంటు పక్కకుట్టు మొదట ఎక్కడుందో, తిరిగాక ఎక్కడికి వచ్చిందో కాజా టేపుతో కొలవాలి. గోడకి కటింగు కాగితం అంటించి ఏరోజు లెక్క ఆరోజు రాయాలి. కుట్టుకి కుట్టు. దీనికన్నా ఖచ్చితమైన కొలత ఉంటుందా?

మొదటిరోజు రెండంగుళాలు. మూడోరోజు రెండున్నర. వారానికి నాలుగు. మా ఆనందానికి అంతులేదు. మరోపక్క అత్తగారు సాయంత్రం బిస్కెట్లు మాన్పించేశారు, పొద్దున్నే వీధి చివరిదాకా నడిపిస్తున్నారు. ఒళ్ళు తేలికైంది. నడుస్తుంటే నాకే తెలుస్తోంది. పంధొమ్మిదోరోజుకి ఆరున్నర అంగుళాలు వచ్చింది. కాజా ఆ అంకె చుట్టూ ఎర్రసుద్దతో పువ్వు గీశాడు. మిషన్ల మీద ఉన్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. "ఈసారి బంతి డిపో గోడ దాటుద్ది" అన్నాడొకడు. నేను వినయంగా "చూద్దాం" అన్నాను గాని లోపల అప్పటికే గోడ దాటించేశాను.

మర్నాడు అత్తగారిని షాపుకి పిలిచాం. కుర్చీ వేసి, టీ తెప్పించి, గోడ మీద కాగితం చూపించాం. నేను బ్యాటు పట్టుకుని గుర్తుల్లో నిలబడి తిరిగాను. కాజా టేపు పెట్టి, "ఆరూ ముప్పావు!" అని అరిచాడు.

అత్తగారు చప్పట్లు కొట్టలేదు. టీ పక్కన పెట్టి లేచి వచ్చారు. నా రెండు తుంటి ఎముకల మీదా తన రెండు బొటనవేళ్ళూ ఆనించి, "ఏదీ, మళ్ళీ తిరగండి" అన్నారు. తిరిగాను.

"అల్లుడుగారూ, తప్పుగా అనుకోకండి. మీ ప్యాంటు జిప్పు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి."

కిందికి చూశాను. జిప్పు ఎడమ జేబు ఉండవలసిన చోట ఉంది. ఎడమ జేబు వెనక్కి పోయింది.

"తిరిగింది ప్యాంటు," అన్నారావిడ. "మీరు బయల్దేరిన చోటే ఉన్నారు."

అప్పటికి అందరికీ వెలిగింది. ఒళ్ళు తగ్గి ప్యాంటు నడుము వదులైపోయింది. నేను విసురుగా తిరిగితే అది నా చుట్టూ గిర్రున తిరుగుతోంది. ఎంత సన్నబడితే అంత ఎక్కువ తిరుగుతోంది. మేం అంత ఎక్కువ చప్పట్లు కొడుతున్నాం. ఆరుగురం, అందరి అనుభవమూ కలిపితే నూట పాతికేళ్ళు. ఇంకెవరైనా అయితే మనిషిని కొలిచేవారు. మేం గుడ్డని కొలిచాం. గుడ్డతో బతికేవాళ్ళకి లోపల మనిషి ఉంటాడని గుర్తుండదు కాబోలు. కాజా టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. బ్యాటు మూలకి విసిరేశాను. "ఇంక చాలు! కుక్కతోక ఎక్కడైనా సాగుతుందా? ఏభై ఏళ్ళ తుంటి ఇప్పుడు తిరుగుతుందా? నేనూ మానేస్తాను, ఆవిడా మానేస్తుంది, పీడా వదిలిపోతుంది!" అని అరిచాను. అత్తగారి ముందు నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆవిడ నొచ్చుకోలేదు. "అసలు తుంటి ఎంత తిరిగిందో వినరా మరి?"

"ఎంత?"

"ఒక వేలి వెడల్పు."

"ఒక్క వేలా!"

"మొదటిరోజు ఆ వేలు కూడా లేదు. ఆ ఆరూ ముప్పావు అబద్ధం, ఒక వేలు నిజం. ఇంకా తొమ్మిది రోజులుంది. ముందు ఆ ప్యాంటు నడుము బిగించండి. తరవాత విసుర్లు మానండి. ఇంతకాలం మీరు ఒంటిని విసిరి మోకాలిని లాక్కొస్తున్నారు. మోకాలు తనంతట తాను రావాలి. ఊపిరి బిగబట్టకండి, వదలండి. తొందరపడేవాడి తుంటి భయపడుతుంది."

తుంటి భయపడటమేమిటో నాకు అర్థం కాలేదు. కాని ఊపిరి వదిలి మెల్లిగా తిప్పితే, ఇన్నాళ్ళూ లాగిన చోట కాకుండా ఇంకా లోపలెక్కడో, నాకు తెలియని ఒక చోట, కండ పట్టు వదలడం తెలిసింది. అదేదో కొత్తగా అద్దెకి వచ్చినవాడు నా ఇంట్లో గది చూపించినట్టుంది.

ఆ తొమ్మిది రోజులూ నేను మనిషిలా లేను. ఇంట్లో నాకు వేరే పని లేదు. షాపులో అంచులు కూడా నిలబడి కుట్టాను. ఒకనాడు బ్యాంకు మేనేజరు ప్యాంటు కొలతలకి వచ్చాడు. ఆయన కాలి పొడవు తియ్యడానికి నేను నేల మీదకి దిగి, కాళ్ళు రెండూ ఎల్ స్కేళ్ళు చేసి, మోకాళ్ళు అటూ ఇటూ తిప్పుతూ కొలుస్తుంటే ఆయన కంగారుపడి, "ఏమిటిది మాస్టారూ?" అన్నాడు. "కొత్త కటింగు సార్, దీనికి ఇలాగే కొలవాలి," అన్నాడు కాజా. ఆయన ఊరుకోక ఆ కటింగులోనే రెండు ప్యాంట్లు కుట్టమన్నాడు.

శనివారం పొద్దున్న అత్తగారు ఎముక మీద వేలు పెట్టి చూశారు. "రెండున్నర వేళ్ళు," అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. కాని ఆరోజు నా పళ్ళెంలో రెండు బిస్కెట్లు కనిపించాయి.

ఆదివారం. అంపైరు మా వీధి మంగలి. రెండు షాపులవాళ్ళ తలలూ అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి అతని మాటకి ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

మొదటిసారి బ్యాటు పట్టుకుంటే పాత కథే. మూడు బంతులు, మూడు గాలిదెబ్బలు. రెండోసారీ ఔటే. అయితే రెండోసారి చివరి బంతికి బ్యాటు దాని నెత్తి మీదనించి వెంట్రుకవాసిలో పోయింది. వెనక డ్రైవరు గాలి గురించి ఏమీ అనలేదు. నాకు అదే పెద్ద బిరుదు.

మూడోసారి నా వంతు వచ్చేసరికి ఆఖరి ఇన్నింగ్సు. ముగ్గురు ఔటైతే ఆట ముగిసినట్టే. అప్పటికి మాలో ఒకడు ఔటయ్యాడు. వాళ్ళు రెండు పరుగులు పైన ఉన్నారు. నేను పోతే మిగిలేది కాజా. గెలుపోటముల సంగతి దేవుడెరుగు, నాకు మిగిలింది మూడు బంతులు. అవి అయిపోతే ఆవిడ బంతి ఇంక ఈ జన్మకి లేదు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని బ్యాటు పట్టుకున్నాను.

నా భార్య బంతి చేతిలో తిప్పుకుని, నా వైపు చూసి, విసిరింది.

ఆ బంతి నాకు కనిపించింది! కుట్టుతో సహా కనిపించింది. అంత మెల్లిగా వచ్చింది. ఏడేళ్ళలో అటువంటి బంతి నాకు రాలేదు. బ్యాటు ఎత్తాను. ఎత్తి ఆగిపోయాను. బంతి నా పక్కనించి తీరుబడిగా వెళ్ళి డ్రైవరు చేతిలో కూర్చుంది.

"స్ట్రైకు ఒకటి!" అన్నాడు మంగలి.

"ఇదేం బంతి?" అని అరిచాను.

"బంతే," అంది ఆవిడ.

"బంతి ఇలాగే ఉంటుందా? ఉతికిన రుమాలు ఆరేసినట్టు!"

"భుజం నొప్పిగా ఉంది."

"ఇందాక ఔటైన మా కుర్రసన్నాసికి వేసినప్పుడు లేదేం నొప్పి? వాడు బంతి కనపడక కూలబడ్డాడు!"

"కొట్టుకోండి అనే వేశాను!" ఆవిడ కూడా గొంతు పెంచింది. "ఇచ్చింది తీసుకోవడం కూడా రాదా మీకు?"

"నీ జాలి నాకక్కర్లేదు! నాకు కావలసింది నీ బంతి. అసలు బంతి. వేస్తే వెయ్యి, లేకపోతే ఇప్పుడే ఇంటికి పోదాం పద!"

రెండు జట్లవాళ్ళూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మంగలి మధ్యలోకి వచ్చి, "అమ్మా, అయ్యా, ఇంటికెళ్ళి మాట్లాడుకోండి" అని చేతులు జోడించాడు. అంతలో మడతకుర్చీలోనించి ఈల మోగింది. ఆ ఈలకి ఆ మైదానంలో ఏ అధికారమూ లేదు. అయినా నేనూ, నా భార్యా, మంగలీ కూడా నిటారుగా నిలబడ్డాం. "ఆట!" అన్నారు అత్తగారు.

రెండో బంతి వచ్చింది. వచ్చిందనడం కూడా తప్పే, వెళ్ళింది. నేను ఊపేసరికి డ్రైవరు చెయ్యి విదిలించుకుంటున్నాడు. "స్ట్రైకు రెండు!"

నాకు నవ్వొచ్చింది. సంతోషంతో వచ్చిన నవ్వు. ఇదీ నా పెళ్ళాం బంతి! ఊపిరి వదిలేశాను. భుజాలు దించాను. ఆవిడ పళ్ళు బిగించి చెయ్యి వెనక్కి తీసింది. నేను ముందుకాలు నేలలో పెట్టాను. బంతి కోసం చూడలేదు, చేతుల్ని తలుచుకోలేదు. తుంటిని తిరగమన్నాను.

తిరిగింది. ఎప్పుడూ ఆగిపోయే చోటికి వచ్చింది. అక్కడ ఆగలేదు. నడుము దాని వెంట పోయింది, చేతులు నడుము వెంట పోయాయి, బ్యాటు అన్నిటికన్నా ఆఖర్న బయల్దేరి అన్నిటికన్నా ముందు చేరింది. ఠాప్ మని చప్పుడైంది. మోచేతులదాకా ఝల్లుమంది.

నేను బ్యాటు పారేసి పరుగెత్తాను. మొదటి మజిలీ, అంటే మొదటి బేస్ దగ్గర వాళ్ళవాడు, బట్టల మూటలు కట్టే అతను నిలబడి ఉంటే వాణ్ణే కావలించుకున్నాను. "కొట్టాను! చూశావా? కొట్టాను!" అని వాడి చెవిలో అరిచాను. వాడు నన్ను వదిలించుకోకుండా, పాపం, వీపు నిమురుతూ, "మాస్టారూ, అటు చూడండి" అన్నాడు.

చూశాను. నా భార్య ఎక్కడ నిలబడి బంతి విసిరిందో అక్కడే ఉంది. చేతితొడుగు గుండెలకి ఆనించుకుని ఉంది. బంతి దాంట్లో ఉంది. తిన్నగా ఆవిడ మీదకే కొట్టాను, నేలకి తగలకుండా పట్టేసింది. మంగలి ఇష్టం లేకుండానే చెయ్యి పైకెత్తి, "ఔటు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను మెల్లిగా ఆవిడ దగ్గరికి నడిచాను. ఆవిడ తొడుగు తీసి అరచెయ్యి చూపించింది. చెయ్యంతా ఎర్రగా కందిపోయింది.

"మండిపోతోంది," అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, నవ్వుతోంది.

తరవాత డ్రైవరుని పిలిచి బంతి అతని చేతిలో పెట్టింది. "నాకింక చాలు. మిగతాది మీరు చూసుకోండి."

"అదేమిటి? ఇంకా కాజా ఉన్నాడుగా," అన్నాను.

"ఆయన్ని ఎవరైనా ఔటు చేస్తారు." ఆవిడ భుజం పట్టుకుని నొక్కుకుంది. "డాక్టరు మానెయ్యమన్నది ఈ మధ్య కాదండీ. నిరుడు."

"నిరుడా!" అన్నాను. "మరి ఏడాదంతా ఈ నొప్పితో ఎందుకు వేశావే?"

"మీరు ఒక్కటైనా కొడతారేమోనని ఆగాను. ఇంక నావల్ల కాలేదు. అందుకే ఇందాక మెత్తగా వేశాను. దానికి మీరు నా మీద అరిచారు."

అత్తగారి వైపు చూశాను. ఆవిడ కుర్చీ మడత పెట్టడంలో మహా తీరిక లేనట్టున్నారు. ఆవిడకి మొదటినించీ తెలుసు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే కాజా చూస్తాడు, అందుకని కోపం తెచ్చుకున్నాను.

"అంత ఆగినదానివి, తీరా కొట్టాక పట్టుకున్నావెందుకు? కాస్త పక్కకి తప్పుకుంటే నేను బేస్ మీద ఉండేవాణ్ణి కదా! వెనక కాజా ఉన్నాడు, అతను చూసుకునేవాడు!"

నా భార్య ఆ కందిన చెయ్యి మూసుకుంది.

"ఏడేళ్ళకి వచ్చిందండీ మీ దగ్గర్నించి. ఇంకొకళ్ళ చేతికి పోనిస్తానా?"